సగటు వద్దన్న ఆవిడ

పోయిన వారం హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి. మా అమలాపురం సెంటర్ సర్వర్లో రెండు కోర్లు ఇంచుమించు ఖాళీగా పడి ఉన్నాయని, సగటున చూస్తే వాటికి పనే లేదని, వాటిని లాగేసి మిగతావాళ్ళకి సర్దుతానని చెప్పింది. ఆ పిల్ల హుషారు చూస్తే కాదనబుద్ధి కాలేదు గానీ, కాదన్నాను.

"సగటు నాకొద్దమ్మా. ఆ మిషను మీద కూర్చునే మనిషి అన్నిటికంటే ఎక్కువగా ఆగిన సమయం ఎంతో, అది చూసి చెప్పు," అన్నాను.

 "సర్, మీరు ఇంజనీరా?" అని అడిగింది. నేను బీకామ్. అది కూడా రెండోసారికి గట్టెక్కిన బీకామ్. సగటు వద్దన్న ఆ మాట నాది కాదు, ఇదివరకు మా ఆఫీసు కంప్యూటర్లు చూసిపెట్టిన ఆవిడది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఫోన్ పెట్టేశాక ఆ పూట నాకు ఇంక పని సాగలేదు.

ఆవిడది రాజోలు అవతల ఓ పల్లె. మస్కట్‌లో ఏదో బ్యాంకు సర్వర్ల గదిలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చి, మా వంటి చిన్న ఆఫీసులకి కంప్యూటర్లు చూసిపెడుతుండేవారు. పొద్దున్నే బస్సు దిగి వచ్చేవారు. తెల్ల నూలు చీర, చంకలో నల్ల రెగ్జిన్ సంచి, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. మా వైపు ఆ వేషంలో ఆడమనిషి కనపడితే జనం అడగక్కర్లేకుండానే తేల్చేస్తారు, అయితే టీచరు, లేకపోతే నర్సు. మా వాచ్‌మాన్ మొదటిరోజే "టీచర్ గారు వచ్చేరండి" అని కేకేశాడు. "నేను టీచర్ని కాదు బాబూ" అని ఓ నెల్లాళ్ళు చెప్పి చెప్పి ఊరుకున్నారు. చివరికి ఆఫీసంతా టీచర్ గారే. ఆ పిలుపుకి తగ్గట్టు మేమూ ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళం.

ఆవిడ సంచిలో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది, రాయడానికి కాదు. ఎవరి మిషను ముందైనా కూర్చుని మీట నొక్కి, పెన్సిలుతో బల్ల మీద నెమ్మదిగా కొట్టేవారు. రెండో దెబ్బ పడేలోపు తెర మారితే ఆ మిషను ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎవరైనా "చాలా స్లోగా ఉందండి" అంటే ఆవిడకి నచ్చేది కాదు. "చాలా అంటే నాకు తెలీదండి. ఎన్ని దెబ్బలు?" అనేవారు. కొన్నాళ్ళకి మా వాళ్ళు ఫిర్యాదులు కూడా ఆ భాషలోనే చెయ్యడం నేర్చుకున్నారు. "టీచర్ గారండి, నాది పొద్దుటి నుంచి నాలుగు దెబ్బలండి" అని ఒకరు, "నాది ఐదండి, ముందు నాది చూడండి" అని ఇంకొకరు. వినేవాడికి మాది ఆఫీసో పోలీస్ స్టేషనో తెలిసేది కాదు.

భోజనాల దగ్గర మాత్రం ఆవిడతో నాకు పరువు పోయేది. గోదావరి జిల్లా వాళ్ళకి 'చాలు' అన్న మాట వినపడదు. వద్దంటూ అతిథి చెయ్యి అడ్డం పెడితే, ఆ వేళ్ళ సందులోంచి పులిహోర జార్చినవాడే మొనగాడు. మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకి ఆవిడ వచ్చారు. నేనే స్వయంగా వడ్డనకి దిగి, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకు మూడోది వెయ్యబోయాను. ఆవిడ రెండు చేతులూ ఆకు మీద కప్పేసి, "మేనేజరు గారండి, తినలేనిది వేయించుకుంటే అది మర్యాద కాదండి, నష్టం" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. పైగా ఆ రోజు ఎంత బతిమాలినా ముందు కూర్చోలేదు. ఆఖరి బంతి దాకా ఆగి, పందిరి చివర కూర్చుని, వంకాయ కూర అక్కడిదాకా వచ్చిందో లేదో మెడ సాచి చూస్తున్నారు. ఇదేం చాదస్తం అనుకున్నాను.

ఇప్పుడు మా ఆఫీసు సంగతి చెప్పాలి. ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపిన రికార్డింగులు విని, తప్పుల్లేకుండా టైపు చేసి పంపడం మా పని. టైపు చేసేవాళ్ళు ఇరవై మంది. మా బల్లల మీద తెర, కీబోర్డు మాత్రమే ఉంటాయి. అసలు కంప్యూటరు లోపలి గదిలో ఉన్న పెద్ద సర్వరు. పెద్ద ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, ఆ ఒక్కదాన్నే ఇరవై వాటాలు చేశారు. ఒక్కో వాటా ఒక్కో కంప్యూటరులా నడుస్తుంది. వర్చువల్ మిషన్లంటారు. సర్వరుకి పని చేసే చేతులు ముప్పై రెండు, వాటినే కోర్లంటారు. ఏ మిషనుకి ఎన్ని కోర్లు రాయాలో ఆ తాళం నా దగ్గరుండేది.

తాళం నా దగ్గరుంటే ఇంకేముంది. మొదట అందరికీ తలా రెండు రాసి ఉండేవి. ఒకరు వచ్చి "స్లోగా ఉందండి" అన్నారు, ఇంకో రెండు వేశాను. పక్కావిడ "మాకు లేవా అండి?" అంది, ఆవిడకీ వేశాను. అడిగినవాళ్ళకి లేదనడం మా ఇంటా వంటా లేదు. అలా అలా ఇరవై మందికీ తలా ఎనిమిది అయ్యాయి. ముప్పై రెండు చేతులున్న సర్వరు మీద నూట అరవై చేతులు రాశాను. కాగితం మీద రాస్తే పోయేదేముంది అనుకున్నాను. ఎవరి ఆకు చూసినా నిండుగా ఉంది కదా అని ఆనందం కూడాను.

ఆ ఇరవై మందిలో ఒకడు సత్తిబాబు. పుట్టుకతోనే చూపు లేదు. మలికిపురంలో కొబ్బరికాయలు ఒలిచే చోట తండ్రి పక్కనే పని చేస్తూ డిగ్రీ చదివాడు. డిగ్రీ అయ్యాక ఏళ్ళ తరబడి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వలేదు. మా దగ్గర మూడు నెలలు పరీక్షగా తీసుకున్నాం. కుడి చెవిలో డాక్టరు గొంతు, ఎడమ చెవిలో కంప్యూటరు గొంతు. తెర మీద ఏముందో, తను ఏ మీట నొక్కాడో, అంతా ఆ గొంతే చదివి చెబుతుంది. మనకి కళ్ళెంతో అతనికి ఆ గొంతు అంత.

అతని వేగం చాలలేదు. రోజుకి మిగతావాళ్ళు చేసేదాంట్లో సగం. నాకు జాలేసింది. జాలేస్తే నేనేం చేస్తాను? అందరికంటే ముందు ఎనిమిది కోర్లు వేసింది అతనికే. అతని వేగం ఇంకా తగ్గింది. మూడో నెల చివరికి, 'మనిషి మంచివాడు, వేగం లేదు, కొనసాగించలేము' అని ఉత్తరం టైపు చేసి, శనివారం హైదరాబాద్ పంపుదామని సొరుగులో పెట్టాను.

ఆ మంగళవారం ఆవిడ యూపీఎస్ బ్యాటరీలు చూడడానికి వచ్చారు. సత్తిబాబు బల్ల దాటి వెళ్తూ ఆగిపోయారు. అతని చేతుల వంక చూస్తూ అలాగే నిలబడ్డారు. నేను వెళ్ళేసరికి పెన్సిలుతో అరచేతిలో కొట్టుకుంటున్నారు.

"ఈయన చేతులు ఎందుకలా ఆగిపోతున్నాయండి?" అని అడిగారు.

"అలవాటు లేదు కదండి. నెమ్మది," అన్నాను.

"బాబూ, కొబ్బరికాయ ఒలవడానికి నీకెంత సేపు?" అని సత్తిబాబుని అడిగారు. అతని సంగతి ఆవిడకి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు.

"గునపానికి మూడు పోట్లండి. మా నాన్న కంటే నాదే ముందండి," అన్నాడు.

ఆవిడ అతని ఎడమ చెవి గొట్టం అడిగి తీసుకుని తన చెవిలో పెట్టుకున్నారు. మీట నొక్కమన్నారు. తర్వాత దాన్ని నా చెవిలో పెట్టి, "కళ్ళు మూసుకోండి" అన్నారు. సత్తిబాబు మీట నొక్కిన చప్పుడు వినపడింది. నేను ఎదురుచూశాను. ఎంతకీ గొంతు రాదు. వచ్చిందనుకుంటే సగం మాట పలికి ఆగి, మిగతా సగం తర్వాత పలికింది. నాలుగు అక్షరాలకే నాకు చెమటలు పట్టాయి. కళ్ళు తెరిచి, "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని అతని మీద అరిచాను.

"కళ్ళు లేనోడు సాకులు చెబుతున్నాడంటారని చెప్పలేదండి," అన్నాడు సత్తిబాబు.

నేను తడబడి, "ఎనిమిది వేసేనండి ఇతనికి. అందరికంటే ముందు ఇతనికే వేసేను," అన్నాను ఆవిడతో.

ఆవిడ నవ్వలేదు. సర్వరు గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి చెప్పారు. "సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కేరు కదండి మీరు? పెళ్ళివారు ఎనిమిది మోటారు సైకిళ్ళ మీద వచ్చి, ఎక్కితే అందరం ఒకే పంటు ఎక్కుతాం, లేకపోతే లేదన్నారనుకోండి. పంటులో ఐదు బళ్ళకే ఖాళీ ఉంది. వాళ్ళు ఒడ్డునే ఉండిపోతారు. వెనకాల సైకిలాయన ఒక్కడూ వచ్చి చక్కా ఎక్కి వెళ్ళిపోతాడు. ఈ సాఫ్ట్‌వేరు పద్ధతి అదేనండి. ఎనిమిది రాసేరంటే, ఆ ఎనిమిదీ ఇంచుమించు కలిసే నడవాలి. మీరు అందర్నీ పెళ్ళివారిని చేసి రేవులో కూర్చోబెట్టేరు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అన్నారా అండి?"

"మరేం చేద్దామంటారు?"

"తీసేద్దామండి. తలా రెండు ఉంచుదాం."

 వేసిన ఆకులోంచి తీయడమా? రేపు వీళ్ళ మొహాలు ఎలా చూడను? "అల్లరైపోతుందండి" అన్నాను. "ఎవరికీ చెప్పకండి" అన్నారావిడ. నేను సొరుగులోని ఉత్తరం తీసి ఆవిడకి చూపించాను. దాచడానికి మనసొప్పలేదు. ఆవిడ చదివి, మడిచి, నా చేతికిచ్చి, "పది రోజులు ఆపుతారా అండి?" అని మాత్రం అడిగారు.

హైదరాబాద్ ఆఫీసులో మా పై అధికారి మేడమ్‌కి ఫోన్ చేశాను. మేడమ్ మంచిదే గానీ మొహమాటం లేని మనిషి. వచ్చేది కాక ఆ పై సోమవారం తనే ఒక రికార్డింగు పంపుతుందట. నలభై నిమిషాల్లో తప్పుల్లేకుండా పూర్తి చేస్తే ఉద్యోగం, లేకపోతే ఆ రోజే ఆఖరు. సత్తిబాబుకి చెబితే "అలాగేనండి" అన్నాడు. సాయంత్రం అతను బస్సుకి వెళ్ళేటప్పుడు కర్ర మెట్టు తప్పి తగలడం చూశాను. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు.

ఆ శుక్రవారం అందరూ వెళ్ళాక ఆవిడ కోర్లు తగ్గించారు. శనివారం పొద్దున్నే నేను గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, ఎవరు పోట్లాటకొస్తారా అని కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి, మొదట్లో కోర్లు అడిగిన ఆ పక్కావిడే తలుపు తోసుకుని వచ్చింది.

"ఏవండీ, ఇంకో నాలుగు వేసేరా ఏంటండి? గాల్లో వెళ్ళిపోతోంది నా మిషను!"

"ఆరు తీసేమండి," అన్నారు నా ఎదురుగా కూర్చున్న టీచర్ గారు, తల ఎత్తకుండా.

పక్కావిడ "ఆయ్" అని వెళ్ళిపోయింది. నమ్మలేదని నడకలోనే తెలుస్తోంది.

నా లెక్కలో అక్కడితో పని అయిపోయింది. సత్తిబాబు గొంతు కూడా బాగుపడింది. ఏ మిషను ఎంతసేపు ఆగుతోందో చూపించే గీతలన్నీ తెర మీద కిందికి దిగాయి. "సగటు చూడండి, ఎంత బాగుందో" అన్నాను. ఆవిడ పెన్సిలు కింద పెట్టలేదు. "సగటు నాకొద్దండి. ఆయన అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది ఎప్పుడు? అది చూపించండి" అన్నారు. వెతికితే తేలింది. గంటకి నాలుగైదుసార్లు ఆ గొంతు ఇంకా నోట మాట రానట్టు ఆగుతోంది. గంటకి నాలుగైదుసార్లంటే ఏం పెద్ద విషయమండీ అన్నాను. "రోడ్డు దాటుతుంటే గంటకి నాలుగైదుసార్లు మీ కళ్ళకి గంతలు కడితే?" అన్నారు.

ఆ తర్వాత వారం రోజులూ దాని వెనకే పడ్డారు. ప్రాసెసరు పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం కునుకు తీస్తుందట. అక్షరానికీ అక్షరానికీ మధ్య దొరికిన ఆ చిటికెడు ఖాళీలోనే నిద్ర, మళ్ళీ లేవడం. ఒక్కసారికి ఏమంత కాదు గానీ, ఒక్క మీట వెనక అలాంటి లేవడాలు వరసగా ఎన్నో ఉంటాయట. ఆ కునుకు మాన్పించారు. అయినా మిగతా మిషన్లు వైరస్ తనిఖీ మొదలెట్టినప్పుడల్లా సత్తిబాబు గొంతు ఆగుతూనే ఉంది. శుక్రవారం సాయంత్రం ఆవిడ తేల్చేశారు. రెండు కోర్లు విడిగా అతనికే. ఖాళీగా ఉన్నా సరే, ఇంకెవరూ వాటిని ముట్టుకోకూడదు.

నేను ఒప్పుకోలేదు. అక్కడ నా అసలు బుద్ధి బయటపడింది. "ఒక్కడి కోసం రెండు కోర్లు ఖాళీగా పెట్టడమేంటండి? పందొమ్మిది మందికి బానే ఉంది కదా," అన్నాను.

ఆవిడ పెన్సిలు సంచిలో పెట్టేశారు.

"పెళ్ళి పందిళ్ళకి తాటాకులు మోసేదండి మా అమ్మమ్మ," అన్నారు. "ఆవిడ్ని బంతిలో కూర్చోమని ఎవరూ అనేవారు కాదు. అందరి తిళ్ళూ అయ్యేక, దొడ్డివైపు పిలిచి మిగిలింది పెట్టేవారు. ఆ వంకాయ కూర గురించి ఊరంతా చెప్పుకునేవారండి, మా అమ్మమ్మ రుచి చూడలేదు. ఆ భోజనాలు సగటున బాగానే ఉండుంటాయండి."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఎవరి పందిళ్ళో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. కానీ మా తాతగారి రోజుల్లో మా ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళ గురించి, ఆకుల్లో మిగిలిపోయిన బూరెల గురించి ఎంత గొప్పగా చెప్పుకుంటామో గుర్తొచ్చింది. సిగ్గేసింది. మా ఇంటి ఫంక్షనులో ఆవిడ పందిరి చివర ఎందుకు కూర్చున్నారో అప్పుడు అర్థమైంది. తాళం ఆవిడ ముందు పెట్టి బయటికొచ్చేశాను.

సోమవారం పది గంటలకి హైదరాబాద్ మేడమ్ ఫోన్ స్పీకరులోకి వచ్చారు. రికార్డింగు పంపారు. టీచర్ గారు సత్తిబాబు వెనక నిలబడ్డారు, నేను పక్కన. పందొమ్మిది మందీ పని ఆపేసి ఇటే చూస్తున్నారు. సత్తిబాబు కుడి చెవిలో గొట్టం పెట్టుకుని, ఎడమది తీసేసి, "కంప్యూటరు గొంతు బయటికి పెట్టమంటారా అండి? మీరూ వింటారు," అన్నాడు. పెట్టమన్నాను. మొదలెట్టబోతూ ఆగి, "కొంచెం స్పీడు పెంచుకోవచ్చా అండి?" అని అడిగాడు.

"నీ ఇష్టం బాబూ," అన్నారావిడ.

ఏదో మీట నొక్కాడు. గొంతు కొంచెం తొందరపడింది. మళ్ళీ నొక్కాడు. వార్తలు చదివేవాళ్ళ వేగానికి వచ్చింది. మళ్ళీ, మళ్ళీ. మాటలు మాటల మీద పడి, చివరికి జోరీగలా ఒకటే రొద అయిపోయింది. అందులో ఒక్క ముక్క కూడా నాకు అందలేదు. ఆవిడ వంక చూశాను. ఆవిడకీ అందడం లేదని తెలుస్తోంది. సత్తిబాబు చేతులు మాత్రం ఎక్కడా ఆగడం లేదు. ఆ రొదలోనే తప్పు పట్టుకుని వెనక్కి వెళ్ళి దిద్దుతున్నాడు, ముందుకి పోతున్నాడు. మూడు నెలలు నేను చూసిన మనిషి ఇతనేనా అనిపించింది.

"చూసేరా అండి," అన్నారావిడ నా చెవి దగ్గర. కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి, మొహమంతా నవ్వు. "ఆయన నెమ్మది కాదండి. ఇన్నాళ్ళూ ఆయన మన కోసం ఆగేరు."

ఇరవై ఆరో నిమిషంలో రొద ఆగింది. హైదరాబాద్ మేడమ్ పేజీలన్నీ చూసుకున్నారు. తర్వాత, "ఇవాళే ఆర్డరు పంపిస్తున్నాను" అన్నారు. ఆఫీసంతా ఒక్కసారిగా చప్పట్లు. పక్కావిడ అయితే ఏడ్చేసింది. 

సత్తిబాబు కుడి చెవి గొట్టం తీసి, చప్పట్లు తగ్గేదాకా ఆగి, నా వైపు తల తిప్పాడు.

"ఇది అయిపోయిందండి," అన్నాడు. "ఇంకో ఫైలు ఉంటే ఇవ్వండి."